బీరువా వెనక గోడ

తోడికోడలి మెడలో గొలుసు చూసి కడుపు మండిన ఆడవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. తోడికోడలి ఇంట్లో చేరిన బురద చూసి కడుపు మండించుకున్నది మాత్రం మా వీధిలో పరుపులామె ఒక్కతే.

పరుపులామె అంటే పరుపులు కుట్టే ఆయన పెళ్ళాం. ఆ ఇంటికి పెద్దకోడలు. చిన్నకోడలి మొగుడు బస్సు డ్రైవరు. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ ఉన్న ఇంటినే చెరిసగం పంచుకున్నారు. నడుమ గోడ ఒక్కటే, అదీ సన్నది. ఇటు గిన్నె జారితే అటువైపు వాళ్ళు అది ఏ గిన్నో చెప్పగలిగేవాళ్ళు. చిన్నామె కూరలో పోపు పెట్టినప్పుడల్లా పెద్దామె ముక్కు ఎగబీల్చి, "మాడింది" అని తీర్పు చెప్పేది. మాడకపోయినా చెప్పేది.

కిందటేడు ఏరు పొంగి వీధిలోకొచ్చింది. నీళ్ళు తీశాక పురపాలక ఆఫీసు నుంచి ఇంజినీరు వచ్చి ఇల్లిల్లూ చూస్తాడని కబురొచ్చింది. ఆయన ఒక చేత్తో నీలం రంగు డబ్బా, ఇంకో చేత్తో కుంచె పట్టుకుని తిరిగేవాడు. ప్రతి గోడ మీదా నీళ్ళు ఎంతదాకా ఎక్కాయో అంతదాకా గీత గీసేవాడు. అందుకని వీధంతా ఆయన్ని గీతలాయన అనేవాళ్ళు.

ఆయనొస్తున్నాడని తెలియగానే పెద్దామె చుట్టాలొస్తున్నట్టు కొంగు బిగించింది. బురదంతా ఎత్తి పారబోసింది, గోడలు కడిగింది, సున్నం కొట్టించింది. నడిమి గోడలో కిందనుంచి పైకి ఒక పగులు పారింది. దానికి సున్నం ఎంత పూసినా దాగలేదు. మొగుడి చేత బీరువా తోయించి దానికి అడ్డం పెట్టించింది.

"నడుం విరుగుతోందే. ఎందుకే ఇదంతా?" అన్నాడు పరుపులాయన.

"దాని ఇల్లూ చూస్తాడు, మన ఇల్లూ చూస్తాడు. తేడా ఆయన నోటితోనే రావాలి."

తేడా వచ్చింది. చిన్నామె తట్టెడు బురద కూడా ఎత్తలేదు. వేలాడే తలుపు పక్కన నడుం మీద చేతులేసుకుని నిలబడి, "చూసుకోండి సార్, మీరే చూసుకోండి" అంది. గీతలాయన అక్కడ చాలాసేపు తచ్చాడి, ఇటొచ్చాడు. గోడలు తట్టాడు. బీరువా జరపమని అడగలేదు.

"మీ ఇల్లు గట్టిదమ్మా. పెద్దగా ఏం కాలేదు" అన్నాడు.

"ఏమన్నారు సార్? సరిగ్గా వినపళ్ళేదు" అంది పెద్దామె, నడిమి గోడ దగ్గరికి జరిగి.

"మీ ఇల్లు గట్టిదీ అంటున్నా!" అని ఆయన గొంతు పెంచాడు. ఆ పూట పెద్దామె కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ మాట ఖరీదు తర్వాత తెలిసింది. ఏటి పక్క ఇళ్ళకి ఓ నిబంధన ఉంది. ఇల్లు సగానికి మించి పాడైతే ఉన్నచోటే అతుకులేసుకోనివ్వరు. నీలం గీతకి మూరెడు పైన నేల ఉండేలా లేపి కట్టాల్సిందే. దానికి సర్కారే సాయం చేస్తుంది. సగానికి తక్కువైతే సున్నం కొట్టుకుని, పాత ఎత్తులోనే కాపురం చేసుకోవచ్చు. చిన్నామె ఇల్లు సగం దాటింది. పెద్దామె ఇల్లు కడిగిన చేతుల పుణ్యాన సగం దగ్గరే ఆగింది.

పాత భాగం కూలగొట్టి, నడిమి గోడని పెద్దామెకే వదిలేసి, చిన్నామె ఇల్లు స్తంభాల మీద లేచింది. కింద స్కూటరుకీ పాత సామానుకీ ఓ కొట్టు. అందులో కాపురం ఉండకూడదట. ఇల్లు పైన. మెట్లు సరిగ్గా పెద్దామె వెనక కిటికీ పక్కనే వేశారు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. "నా కిటికీలో కాలు పెట్టి ఎక్కుతారా ఏం?" అని దాని మీద కూడా ఓ పూట గొడవైంది.

కొట్టు గోడలకి అడుగున వరసగా చిల్లులు వదిలి, వాటికి ఇనప జాలీలు బిగించారు. అవి చూసినప్పుడు మాత్రం పెద్దామె మనసు కాస్త కుదుటపడింది.

"ఏమే, గోడ కట్టి చిల్లులు పెట్టించుకున్నావు? మేస్త్రికి ఇటుకలు చాల్లేదా?"

"నీళ్ళు రావడానికక్కా."

"నీళ్ళు రాకూడదనే కదే ఎవరైనా గోడ కట్టేది!"

"వచ్చేవాటిని రానివ్వాలంట, పోయేవాటిని పోనివ్వాలంట. ఆపితే గోడని తోసేస్తాయంట. గీతలాయన చెప్పారు."

"మీ గోడల్ని తోస్తాయేమో. మాది గట్టిది."

మాటైతే అంది గానీ ఆ రోజు నుంచి ఆమెకి నిద్ర సుఖం పోయింది. పెద్దకోడలై ఉండి చిన్నకోడలితో మాట్లాడాలంటే మెడ పైకెత్తాల్సి వచ్చింది. చిన్నామె పైనుంచి "అక్కా" అని పిలిస్తే పెద్దామె నేల చూస్తూ జవాబిచ్చేది. పైన ఆరేసిన చీర నీడ మధ్యాహ్నం పూట తన పెరట్లో పడితే, అది తన పెరటిని కప్పడానికే ఆరేశారని అనుకునేది. ఆ ఇంటి కిటికీ రెక్క గాలికి కొట్టుకున్నా ఒళ్ళు మండేది. తన ఇంటికి అంత గాలి తగలదు మరి.

అన్నిటికీ మించింది అత్తగారి సంగతి. ఇన్నేళ్ళూ పెద్దకోడలి దగ్గరే ఉన్న ముసలామె, మోకాళ్ళు పట్టుకుని, మెట్టుకోసారి మూలుగుతూ చిన్నదాని ఇంటికి ఎక్కింది. ఎక్కి మళ్ళీ దిగలేదు.

"దిగొస్తావా అత్తా, ఉంటావా?" అని కిందనుంచి అరిచింది పెద్దామె.

"గాలి బాగుందే పెద్దదానా! నాలుగు రోజులుండి వస్తా."

ఆ నాలుగు రోజులు అవుతూనే ఉన్నాయి.

"ఎందుకే అంత ఉడుకు?" అన్నాడు పరుపులాయన, సూదిలో దారం ఎక్కిస్తూ. "వాళ్ళిల్లు మునిగింది, లేపారు. మనది మునగలేదు."

"మునగకపోవడమేంటి! మునిగింది. నేనే కడిగేశాను!"

"అయితే బీరువా జరిపి ఆ పగులు చూపించు. గీతలాయన మనిషి మంచివాడే."

"చూపిస్తే? ఇది ఊరుకుంటుందా? 'గట్టిదన్నావు కదక్కా' అని మెట్ల మీద నిలబడి నవ్వదూ?"

పరుపులాయన దారం తెంపుకున్నాడు. ఆయన భయం వేరు. పని ఇంట్లోనే, దూది ఇంట్లోనే. తడిసిన దూది ఇక పరుపుకి పనికిరాదు. కిందటేడు పోయిన దూది మళ్ళీ కూడబెట్టేసరికి తాతలు దిగొచ్చారు. ఈసారి పోతే సూది పక్కన పడేసి ఎవరి కొట్లోనో కూలికి చేరాల్సిందే.

పెద్దామెకి అది తెలియక కాదు. అందుకే ఓ ఉపాయం ఆలోచించింది. ఇల్లు పైకి లేవకపోతేనేం, నీళ్ళనే లోపలికి రానివ్వకపోతే సరి. ముందు గుమ్మానికీ వెనక గుమ్మానికీ పక్కల ఇనప గాడులు కొట్టించి, వాటిలోకి దిగేలా నడుమెత్తు రేకు పలకలు చేయించింది. అంచులకి రబ్బరు వేయించి, బోల్టులు పెట్టించింది. పలక దింపి బిగిస్తే చీమ కూడా దూరదు. వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. చిన్నామె కూడా మెట్ల మీంచి చూసింది. ఆమె చూసినంతసేపూ పెద్దామె పలకని గుడ్డతో తుడుస్తూనే ఉంది.

రెండో వారంలో గీతలాయన వచ్చాడు.

"ఇదేంటమ్మా? కాపురముండే ఇళ్ళకి ఇలాంటివి ఒప్పుకోం. తీయించెయ్యండి."

"మీకెవరు చెప్పారు? పక్కింటివాళ్ళా?"

"మీ పలకే చెప్పింది. వీధి మొదట్లోకి మెరుస్తోంది" అని నవ్వాడాయన. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. "సీసాకి బిరడా కొట్టినట్టు ఇంటిని బిగించకూడదమ్మా. బయట ఎంత నీళ్ళున్నాయో లోపలా అంతే ఉంటే గోడ నిలబడుతుంది. ఒక్కవైపే ఉంటే ఆ బరువంతా దాని మీదే. మీవి పాత గోడలు, ఆగవు."

"మీరే అన్నారు కదా గట్టిదని!"

"నేను చూసినంత మేరకు అన్నాను. కావాలంటే మీరూ లేపుకోవచ్చు. కాకపోతే మీది సగం దాటలేదు కాబట్టి సాయం రాదు. నేను చూడకుండా వదిలేసిన దెబ్బ ఏదైనా ఉంటే చూపించండి, మళ్ళీ లెక్కేస్తాను. ఏమైనా ఉందా?"

పెద్దామె కళ్ళు బీరువా దాకా వెళ్ళాయి. సరిగ్గా అప్పుడే మెట్ల మీద చిన్నామె చీపురు చప్పుడు వినపడింది.

"ఏమీ లేదు" అంది పెద్దామె.

ఆయన ముందర పలకలు తీసి లోపల పెట్టింది. ఆయన వీధి మలుపు తిరగగానే వాటిని మంచం కిందకి తోసింది. గాడులు గాడులుగానే ఉన్నాయి.

వానాకాలం నడుమ ఓ పొద్దున ఏరు పెరుగుతోందని మైకులో చెప్పుకుంటూ జీపు తిరిగింది. డ్రైవరు మరిది జనాన్ని తరలించే బస్సు మీద వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి వీధి చివర నీళ్ళు కనపడ్డాయి. పరుపులాయన దూది మూటల మధ్య, గంప కింద మూసిన కోడిలా గిరగిరా తిరుగుతున్నాడు.

మెట్ల మీంచి చిన్నామె కేకేసింది. "బావగారూ! మూటలు ఇటివ్వండి. మా వసారాలో చోటుంది."

పరుపులాయన ఓ మూట ఎత్తాడు.

"దించు" అంది పెద్దామె. "మన దూది దాని వసారాలో పెట్టి, రేపట్నించి దాని సాధింపు వినాలా? మనింట్లోకి చుక్క రాదు."

పలకలు దింపింది. బోల్టులు తనే బిగించింది. నీళ్ళు గుమ్మం ముందుకొచ్చి, పలకని నాకి, మెల్లగా పైకెక్కడం మొదలుపెట్టాయి. లోపల నేల పొడిగా ఉంది. పెద్దామె వంగి అరచేత్తో రాసి చూసింది. నిజంగా పొడి. ఒళ్ళంతా చల్లబడినట్టయింది. వెనక కిటికీ తెరిచింది.

"ఏమే! మీ చిల్లుల్లోంచి వచ్చాయా నీళ్ళు?"

"వచ్చాయక్కా. స్కూటరు సగానికి మునిగింది."

"అయ్యో పాపం! మాకిక్కడ నేల తడవను కూడా లేదు. ఊడ్చుకుంటున్నా."

చీపురు తీసుకుని, కిటికీలోంచి కనపడేలా, లేని దుమ్ము ఊడ్చింది. ఏడాదంతటిలో ఆమెకి అంత హాయైన పూట లేదు.

ఆ హాయి నీళ్ళు మోకాలి ఎత్తు దాటేదాకానే. బీరువా వెనకనుంచి ఎవరో పళ్ళు కొరికినట్టు చప్పుడొచ్చింది. తర్వాత బీరువా తలుపు తనంతట తనే తెరుచుకుంది. పరుపులాయన భుజం పెట్టి దాన్ని పక్కకి లాగేసరికి వెనక గోడ కనపడింది. పగులు వేలు పట్టేంత వెడల్పైంది. అందులోంచి సన్నగా, పిచికారీ కొట్టినట్టు నీళ్ళు చిమ్ముతున్నాయి. గోడ నడిమి భాగం కడుపులా ముందుకొచ్చింది.

"అక్కా!" చిన్నామె కొట్టులోకి దిగే మెట్ల మీద నిలబడి అరుస్తోంది. "నడిమి గోడ అటు ఒరుగుతోంది! పలక తీసెయ్! నీళ్ళు లోపలికి రానివ్వు!"

పెద్దామె మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? ఇన్నాళ్ళకి మనసులో మాట బయటపెట్టింది. నా పొడి నేల చూడలేకపోతోంది అది."

"గోడ చూడవే!"

"పలక తీస్తే దూదంతా పోతుంది! దానిలాగే నేనూ మునగాలి, అదీ దాని బాధ!"

అప్పుడు పైనుంచి అత్తగారి గొంతు వచ్చింది. "పెద్దదానా! అది నీ మీద కుళ్ళుతోనే చెప్తోందనుకో. అయినా సరే విను. గోడ నిలబడితే రేపు దానికి ఇటూ అటూ కూర్చుని పోట్లాడుకుందురు గాని. గోడే లేకపోతే దేనిచాటున తిట్టుకుంటారే?"

పెద్దామె కిటికీలోంచి చిన్నామె కొట్టు వైపు చూసింది. జాలీల్లోంచి నీళ్ళు వస్తున్నాయి, ఎదుటి జాలీల్లోంచి పోతున్నాయి. ఆ గోడలు ఎవరికీ కోపం లేనట్టు నిలబడి ఉన్నాయి. ఆమె వెనక తన గోడ మూలుగుతోంది. గట్టిది, గట్టిదని రెండుసార్లు చెప్పించుకున్న గోడ.

 పెద్దామె మెడ పైకెత్తింది.

"చెల్లీ, చోటుందా ఇంకా?"

"ఉంది, ఉంది! ఇవ్వండి!"

పరుపులాయన కిటికీలోంచి మూట తోశాడు, చిన్నామె చేతులు చాచి లాగింది. మూట వెనక మూట. అత్తగారు మోకాళ్ళ సంగతి మర్చిపోయి, వచ్చినవాటిని పై మెట్టు నుంచి వసారాలోకి ఈడ్చింది. సగానికి పైగా వెళ్ళాయో లేదో గోడలోంచి ఓ ఇటుక జారి నేల మీద పడింది.

"చాలు" అంది పెద్దామె. ముందు గుమ్మం దగ్గరికి పరిగెత్తి రోకలితో బోల్టులు కొట్టింది. బరువుకి బిగుసుకుపోయాయి. ఒకటి ఊడింది. రెండోది ఊడగానే పలక పక్కకి ఒరిగి, ఏరు ఆమెని అమాంతం వెనక్కి తోసి కూర్చోబెట్టింది. ఊడ్చిన నేల, సున్నం గోడలు, మంచం, మిగిలిన మూటలు, అన్నిటి మీదా బురదనీళ్ళు ఓసారి తిరిగాయి. లోపల నీళ్ళు పెరుగుతున్నకొద్దీ పగుల్లోంచి చిమ్మే ధార వంగిపోయింది. కాసేపటికి ఆగిపోయింది. గోడ అక్కడే, ఉబ్బిన కడుపుతోనే, నిలబడింది.

మొగుడూ పెళ్ళాం కిటికీలోంచి చిన్నదాని మెట్ల మీదకి ఎక్కారు. మెట్లు అక్కడే ఎందుకు కట్టారని ఎవరూ అడగలేదు.

పైన చిన్నామె తన చీర ఇచ్చింది. పెద్దామె అది కట్టుకుని, దూది మూటకి ఆనుకుని కూర్చుంది. చీర మెత్తగా ఉంది. ఎక్కడ కొన్నదో అడగాలనిపించింది, అడగలేదు. గాలి మాత్రం అత్తగారు చెప్పినట్టే ఉంది. అది ఇంకా కడుపుమంట.

నీళ్ళు తీశాక గీతలాయన వచ్చాడు. ఒరిగిన పలకని చూశాడు, గోడని చూశాడు, బీరువాని చూశాడు.

"ఈ పగులు ఎప్పటిదమ్మా? ఇప్పుడు పలక బిగించడం వల్ల వచ్చిందంటే నేనేం చెయ్యలేను. కిందటి వరదదైతే లెక్కలోకి వస్తుంది."

గుమ్మంలో చిన్నామె తడిసిన పరుపు పిండుతోంది. పిండడం ఆపేసింది. పరుపులాయన పెళ్ళాం మొహం చూశాడు. పెద్దామె గోడ వైపు చూస్తూ చెప్పింది.

"కిందటేటిదే. మీరు వస్తున్నారని బీరువా అడ్డం పెట్టించాను."

"ఎందుకు?"

"మీరు గట్టిదనాలని."

ఎవరూ నవ్వలేదు. గీతలాయన తల గోక్కున్నాడు. "మీ మాట ఒక్కటే చాలదు కదమ్మా. అప్పుడు చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నా సార్" అంది చిన్నామె.

ఆయన్ని తన కొట్టులోకి తీసుకెళ్ళింది. వెనకాలే పెద్దామె కూడా వెళ్ళింది. అక్కడ గోడకి ఆనించిన పాత తలుపు ఒకటుంది. చిన్నామె దాన్ని పక్కకి జరిపింది. పగులు ఇటువైపూ ఉంది, అంచులు కిందటి బురద పట్టి నల్లబడి ఉన్నాయి. గీతలాయన గోటితో ఆ ఎండిన బురద గీరి, తల ఊపి, ఏదో రాసుకుంటూ బయటికి నడిచాడు.

తోడికోడళ్ళిద్దరే మిగిలారు.

"నీకు తెలుసా?" అంది పెద్దామె.

"మా వైపు కూల్చకముందు నుంచీ తెలుసు. ఆయనొచ్చినప్పుడు బురద కప్పేసి ఉంది. అది ఎండి రాలాక, బీరువా పైనుంచి నీ దీపం వెలుగు అందులోంచి నా పొయ్యి మీద పడేది."

"తెలిసి తలుపు అడ్డం పెట్టావా? అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

చిన్నామె కొంగుతో చేతులు తుడుచుకుంది. 

"చెప్తే నీకూ లేపుతారు. అసలే పెద్దదానివి, నాకంటే ఎత్తు లేపించుకుంటావని. ఆ రోజు ఆయన నీ ఇల్లు గట్టిదన్నప్పుడు నేను గోడ అవతలే ఉన్నా. వినపళ్ళేదని మళ్ళీ అనిపించావు చూడు, ఆ పూట నాకు అన్నం సయించలేదక్కా."

పెద్దామెకి కోపం రావాలి. రాబోయింది కూడా. కానీ మొహం మాత్రం ఎందుకో విప్పారింది.

"నిజంగానా? సయించలేదా?"

"ముద్ద దిగలేదు."

"నన్ను చూసి నువ్వు కుళ్ళుకున్నావా?"

"చెప్తున్నా కదా!"

"పాపిష్టిదానా! ఆ ఒక్క ముక్క అప్పుడే చెప్పుంటే ఇన్నాళ్ళూ హాయిగా నిద్రపోయేదాన్ని కదే!" అంది పెద్దామె. ఆపైన ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ముక్కులు చీదుకునేంతగా నవ్వారు. ఏమైందోనని అత్తగారు పైమెట్టు నుంచి తొంగిచూసింది.

పాత పగులు, ఈసారి నీళ్ళు చేసిన నష్టం కలిపి లెక్కేస్తే ఇల్లు సగం దాటింది. ఎండలు ముదిరాక మేస్త్రి వచ్చి దారం పట్టి కొలతలు తీస్తున్నాడు. గీతలాయన గోడ మీద నీలం గీత దిద్ది, "దీనికి మూరెడు పైన నేల. తక్కువ ఉండకూడదు. ఎక్కువైతే మీ ఇష్టం" అని చెప్పి వెళ్ళాడు.

పెద్దామె మేస్త్రిని పక్కకి పిలిచింది. "ఇదిగో, ముందు దాని నేల ఎంత ఎత్తుందో చూడు. దానికంటే ఒక్క ఇటుక ఎక్కువ వెయ్యి."

పైనుంచి నవ్వు వినిపించింది. "వేయించుకో అక్కా! నేను మేడ మీద ఇంకో గది వేయిస్తా!"

పెద్దామె ఈసారి మెడ పైకెత్తే చూసింది. చూసి, మూతి మూడు వంకరలు తిప్పి, మేస్త్రి దగ్గరికి ఇంకో అడుగు జరిగింది.

"ఆ చిల్లులున్నాయే, కింద గోడలకి పెట్టేవి. అవి కూడా దానివాటికంటే పెద్దవి పెట్టు."